ఎం.జి.ఎం. సింహచిహ్నం: రూపపరిణామం, సాంకేతిక నేపథ్యం

కీలక పదాలు: నిర్మాణసంస్థ చిహ్నం, ఎం.జి.ఎం., లియో, ధ్వని, వర్ణచిత్రం, కాలనిర్ణయం.

చలనచిత్రం ఆరంభంలో కొన్ని క్షణాల పాటు తెరపై నిలిచే నిర్మాణసంస్థ చిహ్నాన్ని ప్రేక్షకులు చూస్తారే గాని పరిశీలించరు. పరిశోధకులు సైతం దానిని చిత్రానికి వెలుపలి వస్తువుగా భావించి విడిచిపెట్టడం పరిపాటి. మెట్రో-గోల్డ్విన్-మేయర్ (ఎం.జి.ఎం.) సింహం విషయంలో ఈ ఉపేక్షకు మరొక కారణం కూడా ఉంది. వందేళ్లుగా ఒకే సింహం ఒకే వలయంలో నుంచి గర్జిస్తున్నదన్న భ్రమను ఆ చిహ్నం కలిగిస్తుంది. వాస్తవానికి అక్కడ కనిపించినవి వేర్వేరు సింహాలు. 'లియో' అనేది ప్రధానంగా ఆ ముద్రకు పెట్టిన పేరు. ఆ పేరు గల జంతువు తెరపైకి వచ్చింది 1957లో మాత్రమే.

1916లో ఏర్పడిన గోల్డ్విన్ పిక్చర్స్ సంస్థకు ఈ చిహ్నాన్ని సమకూర్చినవాడు ప్రచార నిపుణుడు హోవర్డ్ డీట్జ్. తాను చదివిన కొలంబియా విశ్వవిద్యాలయపు సింహమే అతనికి ప్రేరణ. సింహం తల చుట్టూ వలయంగా చుట్టుకొన్న ఫిల్ము, దానిపై 'ఆర్స్ గ్రాషియా ఆర్టిస్' అనే లాటిన్ వాక్యం ఇందులోని ప్రధానాంశాలు. 'కళ కళ కోసమే' అన్నది ఆ వాక్యానికి అర్థం. కళ కళ కోసమా, ప్రజల కోసమా అని తెలుగు విమర్శకులు దీర్ఘకాలం వాదించుకొన్న సంగతి తెలిసిందే. ఇక్కడ ఆ సూత్రాన్ని చాటినవాడు కవీ కాదు, తాత్త్వికుడూ కాదు. సంస్థ ప్రచారం చూసే ఉద్యోగి. హాలీవుడ్‌లో చిత్రనిర్మాణాన్ని కర్మాగారపు పద్ధతిలో నడిపిన సంస్థల్లో అగ్రగామి అయిన ఎం.జి.ఎం. దానిని తలపై ధరించడంలోని వైరుధ్యాన్ని గమనించకుండా ఉండలేము.

1924లో మెట్రో, గోల్డ్విన్, లూయీ బి. మేయర్ సంస్థలు విలీనమైనప్పుడు సింహం కొత్త సంస్థకు సంక్రమించింది. తొలి సింహం స్లాట్స్ డబ్లిన్ జంతుప్రదర్శనశాలలో పుట్టినది. అది గర్జించదు, అటూ ఇటూ చూస్తుంది, అంతే. మూకీచిత్రాల కాలంలో గర్జన ఎవరికీ వినిపించదు కనుక ఆ చూపే దానికి చాలింది. 'సింహావలోకనం' అనే మాట వాచ్యార్థంలో వర్తించే దృశ్యమిది.

ధ్వని రావడంతో ఈ గాంభీర్యం చాలకపోయింది. 1928లో 'వైట్ షాడోస్ ఇన్ ది సౌత్ సీస్' చిత్రంతో జాకీ అనే సింహం గర్జన తొలిసారిగా వినిపించింది. అంతవరకు సంస్థ పేరును సూచించిన బొమ్మ, ఈ చిత్రంతో సంస్థ సాంకేతిక సామర్థ్యానికి సాక్ష్యంగా మారింది. 'మా చిత్రం మాట్లాడుతుంది' అని పాత్రల కంటే ముందు చెప్పినది ఈ జంతువే. వర్ణచిత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. రెండు రంగుల టెక్నికలర్ ప్రయోగాలకు వేరే సింహాలను చిత్రీకరించారు. మూడు రంగుల పద్ధతి వచ్చాక 1934 నుంచి టానర్ అనే సింహం ఆ స్థానాన్ని ఆక్రమించింది. టామ్ అండ్ జెర్రీ పాత కార్టూన్లు చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ సింహం పరిచితమే.

టానర్ వచ్చినంత మాత్రాన జాకీ తొలగిపోలేదు. నలుపు తెలుపు చిత్రాలకు 1956 వరకు జాకీయే కొనసాగింది. 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' వర్ణచిత్రంగా ప్రసిద్ధమైనా, దాని ఆరంభ దృశ్యాలు సెపియా ఛాయలో ఉండడం వల్ల అక్కడ జాకీ కనిపిస్తుంది. కనుక సింహాల చరిత్రను రాజవంశావళి వలె ఒకదాని తరువాత ఒకటిగా రాయడం సరికాదు. రెండు దశాబ్దాలకు పైగా రెండు సింహాలు ఏకకాలంలో ఏలాయి.

1956లో వచ్చిన జార్జ్ అనే సింహం ఎంతోకాలం నిలువలేదు. 1957లో లియో వచ్చింది. ఈ మార్పుకు సాంకేతిక కారణం కనిపించదు. ఇతర సింహాలతో పోలిస్తే చిన్న వయస్సులో చిత్రీకరించినందువల్ల లియో జూలు పలుచగా ఉంటుంది. అయినా అరవై ఏళ్లకు పైగా నిలిచింది. ఇక 'బెన్-హర్' (1959)లో క్రీస్తు జనన దృశ్యానికి ముందు గర్జన ఉచితం కాదని భావించి సింహాన్ని మౌనంగా, నిశ్చలంగా చూపారు. 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రానికి సజీవ సింహాన్ని విడిచి సరళరేఖల బొమ్మను వాడారు. కథకు తగినట్లు చిహ్నం సర్దుకోవడానికి ఇవి నిదర్శనాలు.

సత్యాసత్యాల ప్రశ్న 1982లో తలెత్తుతుంది. 'పోల్టర్‌గైస్ట్' చిత్రం కోసం ధ్వని రూపకర్త మార్క్ మాంజినీ గర్జనను కొత్తగా కూర్చినప్పుడు పులుల అరుపులను వాడాడు. నిజమైన సింహధ్వని తెరపై ఆశించినంత భీకరంగా ఉండదన్నది ఆయన అభిప్రాయం. అంటే అప్పటి నుంచి ప్రేక్షకులు చూసినది సింహాన్ని, విన్నది పులిని. 2021లో రూపం కూడా మారింది. లియో పోలికతో కంప్యూటర్ సృష్టించిన సింహం వచ్చింది. లాటిన్ వాక్యం ముందుగా ఆంగ్లంలో కనిపించి ఆపై లాటిన్‌లోకి మారడం ఇందులోని మరొక విశేషం.

ఈ వివరాలు చిత్రచరిత్రకారులకు కేవలం వినోదం కావు. 1986లో టెడ్ టర్నర్ ఎం.జి.ఎం. పాత చిత్రనిధిని కొనుగోలు చేయగా, 1996లో అది టైమ్ వార్నర్ అధీనంలోకి వెళ్లింది. సింహచిహ్నం మాత్రం ఎం.జి.ఎం. వద్దనే ఉండి, 2022లో సంస్థతో పాటు అమెజాన్ పరమయింది. 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'లో గర్జించే సింహం ఒకరి ముద్ర, చిత్రం మరొకరి ఆస్తి. పునర్విడుదలల్లో, టెలివిజన్ ప్రతుల్లో పాత చిహ్నాన్ని తొలగించి కొత్తది అతికించే ఆచారం చిత్రరంగంలో ఉన్నదే కనుక, 1940ల నాటి చిత్రపు ప్రతిలో లియో కనిపిస్తే అది తొలి విడుదల నాటి ప్రతి కాదని నిర్ధారించవచ్చు. అయితే జాకీ కనిపించినంత మాత్రాన ప్రతి పాతదని తీర్మానించడానికి వీలులేదు. పునరుద్ధరణ సమయంలో దానిని తిరిగి చేర్చి ఉండవచ్చు.