ముందు మీరు నడవండి

రాజమండ్రిలో పుట్టి, రాజమండ్రిలోనే కాపురం చేస్తున్నదాన్ని. నా వయసు 58. ఇన్నేళ్లలో తిరుపతి, కాశీ, షిర్డీ అన్నీ చూశాను. కానీ ‘ఎలా వెళ్లారండీ, ఎక్కడ రైలు మారారండీ’ అని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేను. మావారు సంచీ పట్టుకుని ముందు నడుస్తారు. జనంలో ఆయన చొక్కా రంగు చూసుకుంటూ వెనకాల నేను. టికెట్లు ఆయన జేబులో, ప్లాట్‌ఫారం నంబరు ఆయన బుర్రలో. మీలో చాలామంది ప్రయాణాలూ ఇలాగే సాగుతుంటాయని నాకు తెలుసు.

అలాంటిదాన్ని పోయిన నవంబరులో టోక్యో వెళ్లాను. అమ్మాయీ, అల్లుడు గారూ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. మావారు షాపు వదిలి రాలేనన్నారు. దారి తప్పిపోతానేమోనన్న భయంతో, కాళ్లు నిక్షేపంలా ఉన్నా నాకు విమానాశ్రయాల్లో వీల్‌చైర్ పెట్టించారు. ఎవరో కుర్రాడు తోసుకుపోతుంటే సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను. మనవైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలు చాలామంది ఇలాగే వెళ్తారని తర్వాత తెలిసింది.

బాల్కనీలో రెండు వారాలు

అమ్మాయి వాళ్లుండేది ఎదొగావా వార్డులోని నిషికసాయిలో. 2000 ప్రాంతం నుంచీ మన సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి స్థిరపడుతున్న పేట అది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు దొరికే కొట్లున్నాయి. అందుకే రెండు వారాలు నాకు జపాన్ వచ్చినట్టే అనిపించలేదు. పొద్దున్నే పిల్లలిద్దరూ వెళ్లిపోయాక వంట చేయడం, బాల్కనీలో నిలబడి కింద సైకిళ్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుపోయే తల్లుల్ని చూడటం, మళ్లీ లోపలికి రావడం. శని, ఆదివారాల్లో తిప్పుతామనేవారు. శనివారం వచ్చేసరికి వాళ్ల మొహాల్లో అలసట చూసి ‘నాకేం తోచకపోవడం లేదులే’ అనేదాన్ని.

అమ్మాయి నమ్మలేదు. “అమ్మా, ఒకరోజు నీకోసం గైడును మాట్లాడాను. ఆవిడ వచ్చి నీ ఒక్కదాన్నే తీసుకెళ్తుంది” అంది. ఆరు గంటలకు 30 వేల యెన్లు. మన డబ్బులో 17 వేలు! ‘ఆ డబ్బుతో ఉంగరం ముక్కైనా వస్తుంది కదే’ అని గొడవ పెట్టుకున్నాను. డబ్బు కట్టేశానంది. ఇక వెళ్లక తప్పలేదు.

“మీకేం చూడాలనుంది?”

స్టేషను గేటు దగ్గర నిలబడి ఉందావిడ. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. పొట్టిగా, చలాకీగా, మెడలో గుర్తింపు కార్డుతో. జపాన్‌లో విదేశీయులకు దారి చూపించే గైడ్లకు 1949 నుంచీ ప్రభుత్వ పరీక్ష ఉంది. 2018లో చట్టం మార్చాక లైసెన్సు లేనివాళ్లు కూడా డబ్బు తీసుకుని గైడుగా పనిచేయవచ్చు. కానీ ఈవిడ పరీక్ష రాసిన మనిషే. ఆఫీసు ఉద్యోగం నుంచి బయటికొచ్చాక చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి పాసైందట. “అప్పటికి నాకు 58” అంది. నేను గతుక్కుమన్నాను.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడా ఆచితూచి మాట్లాడుతుంది. ఇద్దరికీ సరిపోయింది. మొదటి ప్రశ్నే “మీకేం చూడాలనుంది?” అని. నోట మాట రాలేదు. ఇన్ని ఊళ్లు తిరిగాను గానీ ఈ మాట నన్నెవరూ అడగలేదు. టూరు బస్సులో వాళ్లు చూపించిందే చూస్తాం. కాసేపు ఆలోచించి “ఒక గుడి. ఒక చెరువు. మామూలు ఆడవాళ్లు సరుకులు కొనుక్కునే బజారు” అన్నాను. ఎత్తయిన టవర్లు, బొమ్మల పార్కులు ఏమీ అడగలేదని ఆశ్చర్యపోతుందనుకున్నాను. చిన్న పుస్తకంలో రాసుకుని “మంచిది” అంది.

అక్షరం రాకపోయినా అంకె వస్తే చాలు

ప్లాట్‌ఫారం మీద పేర్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఆవిడ పలక పట్టిన పంతులమ్మలా ఒక బోర్డు చూపించింది. గుండ్రటి లేత నీలం చుట్టు, లోపల ‘టి’ అక్షరం, కింద 16. అదే మా నిషికసాయి. టోక్యో మెట్రోలో 2004 నుంచీ ప్రతి స్టేషనుకూ ఇలా ఒక అక్షరం, ఒక అంకె ఉన్నాయి. టి అంటే తోజాయ్ లైను. 16లో ఎక్కి 10లో దిగితే అది నిహోంబాషి. అక్కడ నారింజ రంగు చుట్టు వెతుక్కోవాలి. అది గింజా లైను, అక్షరం ‘జి’. 11లో ఎక్కి 19లో దిగితే అసాకుసా గుడి. “పేర్లు మర్చిపోండి. రంగు, అంకె చూడండి. అంకె తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది గమనించండి. తప్పు దిక్కున వెళ్తే అంకే చెప్తుంది” అంది.

రైలు ఎక్కాక కాసేపటికి పెద్ద నది వచ్చింది. అరకావా. గోదావరి వంతెన మీద అలవాటే కదా, నా చెయ్యి రూపాయి బిళ్ల కోసం సంచీలోకి వెళ్లింది. కిటికీలు మూసి ఉన్నాయి. సంగతి చెబితే ఆవిడ నవ్వి, “ఇక్కడ మీరు చూస్తున్నది మనుషులు తవ్విన నది” అంది. 1910లో వచ్చిన వరదకు నగరం మునిగితే, మరుసటి ఏడాది మొదలుపెట్టి 1930 దాకా తవ్వారట.

మరో సంగతి. ఈ లైనులో పనిదినాల్లో పొద్దుటి రద్దీ వేళ ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక పెట్టె ఉంటుంది. అది ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం మీదే రాసి ఉంటుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న ఊళ్లోనూ ఆడవాళ్లకు రైల్లో వేధింపులు తప్పలేదని, అందుకే ఇది వచ్చిందని ఆవిడ దాచుకోకుండా చెప్పింది.

కాలిన చెట్టు

అసాకుసాలో సెన్సోజి గుడి. సుమిదా నదిలో చేపలు పట్టే అన్నదమ్ముల వలలో క్రీ.శ. 628లో కన్నోన్ విగ్రహం పడిందని స్థల పురాణం. మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే అక్కడ కన్నోన్. ద్వారానికి మనిషికి రెండింతలున్న ఎర్ర లాంతరు, లోపల 250 మీటర్ల వీధికి అటూ ఇటూ కొట్లు. అచ్చం మన గుడి వీధే. కాళ్లు కడుక్కోరు గానీ చేతులూ నోరూ శుభ్రం చేసుకుంటారు. పెద్ద ధూపపాత్ర దగ్గర నిలబడి, నొప్పి ఉన్న చోటికి పొగను చేత్తో తోసుకుంటారు. నేను మోకాళ్లకు తోసుకున్నాను. 100 యెన్లు వేసి జాతకం చీటీ తీస్తే చెడు చీటీ వచ్చింది! మొహం మాడ్చుకుంటే, ఆవిడ నవ్వుతూ “ఈ గుళ్లో చెడ్డవి ఎక్కువే వస్తాయి. ఇంటికి తీసుకెళ్లకండి, అక్కడ కట్టేయండి” అని తీగలు చూపించింది. దిష్టి తీసి నాలుగు వీధుల మొగలో పారేసినట్టే కట్టేసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

గుడి పక్కన పసుపు పచ్చని ఆకులతో జింకో చెట్టు. ఆవిడ దాని మాను దగ్గరకు తీసుకెళ్లింది. ఒకవైపు నల్లగా కాలిపోయి ఉంది. 1945 మార్చి 10 రాత్రి అమెరికా విమానాలు నిప్పు బాంబులు కురిపిస్తే ఒక్క రాత్రిలో లక్షమంది దాకా చనిపోయారు. అసలు గుడి కూడా కాలిపోయింది. ఇప్పుడున్నది 1958లో మళ్లీ కట్టింది. ఈ చెట్టు మాత్రం మళ్లీ చిగిర్చింది. “ఆ రాత్రి మా అమ్మకు పదకొండేళ్లు. వాళ్లమ్మ చెయ్యి జారిపోయింది. మళ్లీ కనిపించలేదు” అంది. అంతే. ఇంకేమీ అనలేదు. ఇద్దరం కాసేపు అక్కడే నిలబడ్డాం. పదిమందితో జెండా వెనకాల పరుగెత్తే టూరులో ఇలా నిలబడనిస్తారా?

చెరువు గట్టున చద్దిమూట

అక్కణ్ణుంచి ఉయెనో. జి 19 నుంచి 16. 1927లో మొదలైన ఈ చిన్న మార్గమే ఆసియాలో మొట్టమొదటి భూగర్భ రైలు మార్గం.

తిండి దగ్గర నాకు బెంగ. మాంసం లేదన్న నూడిల్స్‌లో కూడా ఎండు చేపలు మరిగించిన ‘దాషి’ అనే నీళ్లు పోస్తారు. ఆవిడ ముందే నా కోసం జపనీస్‌లో ఒక కార్డు రాసి తెచ్చింది. ‘ఈమె మాంసం, చేప, గుడ్డు, చేప నీళ్లు తినరు’ అని. కొట్లో ప్యాకెట్లు తిప్పి తిప్పి చదివి, లోపల ఊరబెట్టిన ఉమె కాయ పెట్టిన అన్నం ముద్దలు తీసుకుంది. వేడివేడి కాల్చిన చిలగడదుంప ఒకటి. నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు. షినోబాజు చెరువు గట్టున కూర్చుని తిన్నాం. ఆ పుల్లటి ఉప్పటి కాయ నోట్లో పడగానే ఊరగాయ జాడీ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

చెరువు మధ్య గుడి బెంజైతెన్‌ది. ఎవరో కాదు, మన సరస్వతే! బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. వీణ బదులు బివా అనే వాద్యం. చదువుకీ, సంగీతానికీ ఆవిడే తల్లి. బాసరలోలా దండం పెట్టుకున్నాను.

తర్వాత అమెయోకో బజారు. రైలు పట్టాల పక్కన పుట్టిన సందు. యుద్ధం ముగిశాక ఆకలి రోజుల్లో దొంగ బజారుగా మొదలై ఇలా స్థిరపడింది. కేకలేసి అమ్మేవాళ్లు, ఎండు సరుకులు, పండ్లు. ఇక్కడ అడక్కుండానే ఆవిడ మరుగుదొడ్డి చూపించింది. ఆడవాళ్లకు ప్రయాణమంటే మొదటి భయం అదే కదా! స్టేషన్లలో, పార్కుల్లో పైసా ఇవ్వక్కర్లేదు. లోపల ఒక మీట నొక్కితే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు రావు. చప్పుడు బయటికి వినపడకూడదని ఆడవాళ్లు ఊరికే నీళ్లు వదిలేస్తున్నారని 1988లో టోటో కంపెనీ ‘ఒతొహిమె’ పేరుతో ఈ ఏర్పాటు తెచ్చిందట.

ఇక తిరుగు దారి

ఉయెనో స్టేషను మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది. “ఇక ముందు మీరు నడవండి. నేను వెనక వస్తాను. తప్పు దారి పట్టినా చెప్పను” అంది. నాకు చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఎటో చూస్తోంది! నారింజ చుట్టు పట్టుకుని ఎక్కాను. 15, 14, 13... 11లో దిగాను. లేత నీలం చుట్టు వెతుక్కుంటూ నడిచాను. రెండు వైపులా రైళ్లున్నాయి. ఒకవైపు బోర్డులో అంకెలు తగ్గుతున్నాయి, రెండోవైపు పెరుగుతున్నాయి. పెరిగే వైపు నిలబడ్డాను. ఎదురు సీట్లో పసుపు టోపీ, వీపున తోలు సంచీతో ఆరేళ్ల పిల్ల ఒక్కతే బడి నుంచి ఇంటికెళ్తోంది. దాన్ని చూశాక నా గుండె దడ కాస్త తగ్గింది.

16లో దిగాక కవరులో కొంత డబ్బు పెట్టి ఇవ్వబోయాను. రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు. జాకెట్టు ముక్క ఇచ్చి, మా వైపు ఇంటికొచ్చిన ఆడవాళ్లకు ఇస్తామని చెప్పాను. కళ్లకద్దుకుని, తన అన్నం డబ్బాను దాంట్లో చక్కగా మూట కట్టుకుని వెళ్లిపోయింది.

మీరు గైడును మాట్లాడుకుంటే

లైసెన్సు ఉందా, ఎన్ని గంటలు, రైలు ఖర్చులు, ఆవిడ భోజనం ఎవరు పెట్టుకోవాలి అన్నవి ముందే తేల్చుకోండి. తినేవీ తిననివీ ముందురోజే చెప్పండి. మెట్లు ఎక్కలేకపోతే ఆ మాటా చెప్పండి, లిఫ్టు ఉన్న దారి చూస్తారు. ఫీజు తీసుకోకుండా, దారి ఖర్చులూ భోజనం పెట్టుకుంటే వచ్చే స్వచ్ఛంద గైడ్ల సంఘాలూ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, గైడును మొదటివారంలోనే పిలవండి. నాలా రెండు వారాలు బాల్కనీలో పోగొట్టుకోకండి.

స్టేషను దాటిపోయింది!

మూడు రోజుల తర్వాత ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే ఉయెనో వెళ్లి, చెరువు గట్టున చిలగడదుంప తిని బయల్దేరాను. అంతా బాగానే ఉంది. 14 దాటాక రైలు ఆగదే! నది దాటింది, నా స్టేషను నా కళ్ల ముందే వెనక్కి పోయింది. నేనెక్కింది రాపిడ్ రైలు. 14 తర్వాత ఆగేది 18 లోనే, ఉరయాసులో. అది టోక్యో దాటి పక్క రాష్ట్రంలో ఉంది! కాళ్లూ చేతులూ ఆడలేదు. దిగి, బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు తాగాను. పెరిగిన అంకె తగ్గాలి, అంతే కదా అనుకున్నాను. ఎదుటి ప్లాట్‌ఫారానికి వెళ్లి, ఒక కాలేజీ పిల్లకు 16 అంకె చూపించి, అక్కడ ఆగే బండేనని అడిగి మరీ ఎక్కాను. 17. 16. దిగాను.

ఆ రాత్రి మావారికి ఫోనులో చెబితే “ఒక్కదానివేనా?” అని మూడుసార్లు అడిగారు.

తిరుగు ప్రయాణంలో వీల్‌చైర్ వద్దన్నాను. ఢిల్లీలో విమానం మారాలి. గేటు నంబరు బోర్డు మీద నేనే చూసుకున్నాను. నా పక్కనే వీల్‌చైర్‌లో ఒకావిడ, నా వయసే, తల వంచుకుని కూర్చుని ఉంది. “కాళ్లు నొప్పులాండీ?” అని అడిగాను. “లేదండీ, దారి తెలీదని పెట్టించారు” అంది.

పక్కన కూర్చుని అంకెల సంగతి చెప్పడం మొదలుపెట్టాను.