మా ఆకేరు వెంట సముద్రం దాకా

పోయిన వేసవిలో మా ఆడపడుచు కూతురు జర్మనీ నుంచి ఫోటోలు పంపింది. భార్యాభర్తలిద్దరూ సెలవులకు గ్రీసు దేశంలోని క్రీట్ దీవికి వెళ్లారట. అక్కడ కారు అద్దెకు తీసుకుని, ఒడ్డు వెంట పోతూ, నచ్చిన బీచి దగ్గరల్లా ఆగుతూ వారం రోజులు తిరిగారట. ఆ నీలం నీళ్లు చూసి మా పిల్లలు "అబ్బ!" అంటుంటే, మా అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. చూసి, తిరిగి ఇచ్చేస్తూ మెల్లగా అన్నది: "డెబ్బై ఆరేండ్లొచ్చినయ్. సముద్రం జూడకనే పోతనేమో బిడ్డా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై నాలుగేళ్లు వచ్చాయి, నేను మాత్రం చూశానా? మా వర్ధన్నపేట వాళ్లకు పెద్ద నీళ్లంటే కోనారెడ్డి చెరువు, వానాకాలంలో పొంగే ఆకేరు వాగు. అంతే! తిరుపతికి రైల్లో ఎన్నిసార్లు పోలేదు? ఆ రైలు బాపట్ల, చీరాల మీదుగానే పోతుంది. బాపట్ల నుంచి సముద్రం పది కిలోమీటర్లు కూడా ఉండదు. మనమేమో పిల్లలకు బెర్తులు సర్ది, పులిహోర తినిపించి, నిద్రపోతూ దాటేస్తాం. రైలు మన కోసం ఆగదు కదా. కారైతే ఆగుతుంది!

మా మరిదికి కారుంది. మావారు మాత్రం "పెద్దావిడతో అంత దూరమా? వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో నేను గట్టిగా పట్టుబట్టింది ఆ ఒక్కసారే. "వచ్చే ఏడు అత్తమ్మ మోకాళ్లు ఇంకా నొప్పులు పెడతాయి తప్ప తగ్గవు కదండీ" అన్నాను. ఆయనిక మాట్లాడలేదు. సంక్రాంతి పోయాక, ఎండలు ముదరక ముందే బయలుదేరాం.

తెల్లవారుజామున నాలుగింటికి దేవుడికి దండం పెట్టి కారెక్కాం. సూర్యలంక మాకు దాదాపు 300 కిలోమీటర్లు. మా అబ్బాయి దారిలో ఒక ముచ్చట చెప్పాడు. మా ఆకేరు ఖమ్మం దగ్గర తీర్థాలలో మున్నేరుతో కలుస్తుంది. మున్నేరు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మన వాగు నీళ్లు పోయే చోటికే మనమూ పోతున్నామన్నమాట! ఖమ్మంలో మున్నేరు దాటినప్పుడు, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద కృష్ణమ్మను చూసినప్పుడు అత్తమ్మ చేతులెత్తి మొక్కింది. గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. మధ్యలో నాలుగు చోట్ల ఆగాం. పెద్దవాళ్లను తీసుకుపోయేవారు రెండు గంటలకోసారి ఆగి, వాళ్లను నాలుగడుగులు నడిపించాలి. లేకపోతే కాళ్లు వాస్తాయి.

సూర్యలంకలో సరుగుడు చెట్లు దాటగానే హోరు వినిపించింది. తర్వాత ఒక్కసారిగా నీళ్లు! అత్తమ్మ చెప్పులు విడిచి, ఇసుకలో నిలబడి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరుకు "అవ్వల్లి ఒడ్డు లేదా?" అని చిన్నపిల్లలా అడిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. కుర్చీ వేసి అల అంచున కూర్చోబెట్టాం. పాదాలు తడిసినప్పుడల్లా నవ్వింది. పసుపు కుంకుమ వేసి గంగమ్మకు దండం పెట్టుకుంది.

ఇక నా బుద్ధితక్కువ సంగతి చెప్పాలి. పిల్లలతో పాటు నేనూ చీరతోనే మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. ఫోటో కోసం ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి పెద్ద అల వచ్చి కొట్టింది. పడిపోయాను. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంది, లేవబోతే కాలి కింద ఇసుక జారిపోతోంది. వెనక్కి పోయే నీళ్లు నన్నూ లాగుతున్నాయి! మా అబ్బాయి, మరిది చెరో రెక్కా పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో. ఒక బంగారు గాజు పోయింది. పోతే పోయింది, మనిషిని మిగిలాను. ఒడ్డున చేపలమ్మే ఆమె నా తల తుడుస్తూ, "సముద్రానికి వీపు చూపించకూడదమ్మా" అన్నది. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి.

మర్నాడు చీరాల మీదుగా ఓడరేవు వెళ్లాం. ఇక్కడ ఒడ్డున పడవలు, వలలు, ఎండబెట్టిన చేపలు. పొద్దున్నే వేట నుంచి వచ్చే పడవలను చూడటమే ఒక పండగ. అక్కడికి దగ్గర్లోనే రామాపురం బీచి ఉంది. వేటపాలెంలో జీడిపప్పు కొన్నాం, చీరాలలో నేత చీరలు రెండు తీసుకున్నాం. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం వేటపాలెంలోనే ఉంది. చదువుకునే పిల్లలుంటే తప్పక చూపించండి.

తిరుగు దారి పట్టే ముందు చినగంజాం మండలంలోని మోటుపల్లికి వెళ్లాం. ఇప్పుడు చిన్న పల్లె. కానీ కాకతీయుల కాలంలో ఇదే మన ఓరుగల్లు రాజ్యానికి పెద్ద రేవు! 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఉంది. అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునేవారట. గణపతిదేవుడు అలా చేయం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ తర్వాత మార్కోపోలో ఈ రాజ్యాన్ని ఏలిన రాణిని, అంటే మన రుద్రమను మెచ్చుకున్నాడు. ఇక్కడి పలుచని బట్టను సాలెగూడుతో పోల్చాడు. వరంగల్ కోట మన ఇంటి పక్కనే ఉన్నా, ఆ కోటకు సముద్రపు గుమ్మం ఒకటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు:

* అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. వాతావరణం వార్తలు విని బయలుదేరండి. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో విపరీతమైన జనం.
* నీళ్లలోకి చీరతో దిగకండి. పంజాబీ డ్రెస్సు మేలు. నగలు బసలోనే తీసి పెట్టండి.
* మోకాలి లోతు దాటకండి. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్లు నిమ్మళంగా కనబడతాయి. అక్కడే లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు. చిక్కుకుంటే ఎదురీదకుండా, చెయ్యెత్తి పిలుస్తూ, ఒడ్డుకు అడ్డంగా ఈది బయటపడాలి. పోలీసులు వద్దన్నప్పుడు వాదించకండి.
* కారును ఇసుకలోకి దింపకండి, చక్రాలు కూరుకుపోతాయి. ఇంటికి రాగానే కిందివైపు కూడా మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది. బట్టలనూ ముందు మంచినీళ్లలో జాడించాకే సబ్బు పెట్టండి.
* మేం పులిహోర, సర్వపిండి, సకినాలు, రెండు క్యాన్ల మంచినీళ్లు తీసుకుపోయాం. రెండు రోజులూ ఒక్కపూట కూడా ఇబ్బంది పడలేదు.
* సూర్యలంకలో పర్యాటక శాఖ రిసార్టు ఉంది. సెలవు రోజులకైతే గది ముందే చెప్పుకోవాలి. ఆడవాళ్లు స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి చోటు చూసుకున్నాకే నీళ్లలోకి దిగాలి.

మా అమ్మాయి ఫోటోలన్నీ క్రీట్ వెళ్లిన వదినకు పంపింది. "అమ్మమ్మ నవ్వు ముందు మా దీవి ఏపాటిది!" అని జవాబొచ్చింది.

మొన్న వానలకు ఆకేరు నిండుగా పారింది. అత్తమ్మ వంతెన దగ్గర నిలబడి, "పో తల్లీ, నేను జూసొచ్చిన తావుకే పోతున్నవు" అన్నది. మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక ఒకటి ఎవరి మనసులోనో ఉండే ఉంటుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్కసారి అడిగి చూడండి.