సినిమాలో నిమిషాలు... జీవితంలో రెండున్నరేళ్ళు!

‘మయూరి’ చూడని సినిమా అభిమాని ఉంటాడా? ఉంటే వెంటనే చూడమని నా సిఫార్సు. ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై రామోజీరావు నిర్మించగా, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన ఈ చిత్రంలో తన కథకు తానే నాయిక సుధాచంద్రన్. బాణీలు కట్టింది మన బాలు! సుధకు జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ అవార్డు, ఆ తర్వాత 1986లో హిందీ ‘నాచే మయూరి’... ఇవన్నీ మీకు తెలిసిన సంగతులే. ఇప్పుడు చెప్పబోయేది వేరు.

మా బుచ్చయ్యపేట కుర్రాడొకడు బైకు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాడు. టీవీలో ‘మయూరి’ చూసి నన్ను నిలదీశాడు. “ఏటి మావా, ఆవిడ పెట్టుడు కాలుతో డాన్సు కట్టేస్తంది. నాను పది రోజులు నడిస్తే పుండు పడిపోనాది. సినిమావోళ్ళు అబద్ధం ఆడినారా?” వాడి కొత్త కాలు అప్పటికే అటకెక్కింది.

అబద్ధమేం కాదు. సినిమాకి టైము చాలదు, అంతే.

1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం. గాయానికి గాంగ్రీన్ సోకి, టీనేజి పిల్ల సుధకు కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే జైపూర్ డాక్టర్ పి.కె.సేథీకి మెగసెసే అవార్డు! పత్రికలో ఆ కబురు చదివి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది సుధ. ఏ స్క్రీన్‌ప్లే రచయితా ఇలా కలపలేడేమో.

అంతకుముందు దొరికే కృత్రిమ పాదాలు బూటులో దాగాల్సిందే. వాటితో గొంతుక్కూర్చోలేం, పొలం గట్టు మీద ఉత్తకాళ్ళతో నడవలేం. మనవాళ్ళకి అది ఎలా సరిపోతుంది? 1968 ప్రాంతంలో సేథీ, పెద్దగా చదువుకోని పనివాడు రామచంద్ర శర్మ కలిసి వేరే దారి తొక్కారు. లోపల మెత్తటి రబ్బరు, చెక్క. పైన ఒంటిరంగు రబ్బరు. అంతా అచ్చులో పెట్టి ఉడికించడం. సైకిల్ టైరు బాగుచేసే చోట రామచంద్రకి ఈ ఊహ తట్టిందని చెబుతారు. ఆ పాదం అన్ని వైపులకీ కాస్త వంగుతుంది. సుధ ఆశ పెట్టుకుంది ఆ వంపు మీదే.

అయితే పాదం దొరికితే ఇంటర్వెల్ వచ్చినట్టే, శుభం కార్డు పడినట్టు కాదు. మొండి కాలికి ఎలాస్టిక్ కట్టు కట్టి వాపు తీయాలి, ఒక ఆకారానికి తేవాలి. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ రోజులు గడిస్తే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. ఇక లేని పాదం దురద పెడుతుంది, మండుతుంది! అది పిచ్చి కాదు, మెదడు ఆ పాదాన్ని ఇంకా మరిచిపోలేదన్నమాట. తర్వాత రెండు కడ్డీల మధ్య నిలబడటం, బరువు మార్చడం, పడి లేవడం నేర్పుతారు. మొండి కాలు దూరే గిన్నెని సాకెట్ అంటారు. బరువు మొండి చివర మీద కాక, ముఖ్యంగా మోకాలిచిప్పకి కిందుగా పడేలా దాన్ని మలచాలి. నెలలు గడిచేకొద్దీ మొండి కాలు చిక్కుతుంది, సాకెట్ వదులై రాసుకుంటుంది. అప్పుడు మళ్ళీ మార్పించాలి. మా వాడికి ఈ ముక్క చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. కాలు చేతికిచ్చి పంపేశారు!

సుధకీ ప్రాక్టీసులో రక్తం వచ్చింది. కాకపోతే తన నాట్యానికి ఏయే కదలికలు కావాలో చెబితే వినే డాక్టరు ఆమెకి దొరికాడు. 1984 జనవరి 28న బొంబాయిలో ఆమె మళ్ళీ వేదికెక్కింది. ప్రమాదం నుంచి లెక్కేస్తే దాదాపు రెండున్నరేళ్ళు. ఆ పట్టుదలకి చప్పట్లు కొట్టాల్సిందే, కానీ నన్నడిగితే అందులో సగం చప్పట్లు జైపూర్ వర్క్‌షాపుకి చెందాలి.

ఇదంతా విన్నాక మా వాడు అటక మీంచి కాలు దించాడు. “డాన్సొద్దు మావా, చెరుకు తోట గట్టు మీద నడిస్తే సాలు” అన్నాడు.

డి.ఆర్.మెహతా 1975లో జైపూర్‌లో స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్ళని ఉచితంగానే అమరుస్తుంది. అక్కడికే వెళ్ళినా, దగ్గర్లోని సెంటరుకి వెళ్ళినా, పాత కాలు కూడా వెంట పట్టుకెళ్ళండి. ఎక్కడ రాసుకుంటోందో పట్టుకోవాలంటే, పనివాడు ఆ సాకెట్ లోపల చూడాలి.