ఊరి వార్తలు, మనసు అలజడి

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ పోలింగు జరిగింది. ఫలితాలు జూన్ 4న వెలువడ్డాయి. నడుమ 22 రోజులు. పోలింగు నాడూ, ఆ తరువాతా పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరి ప్రాంతాల్లో ఘర్షణలు చెలరేగాయి. ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శినీ, పోలీసు డైరెక్టర్ జనరల్‌నూ ఢిల్లీకి పిలిపించి వివరణ కోరింది. విచారణకు ప్రత్యేక బృందం ఏర్పాటైంది. ఓటు వేసి రాత్రి బస్సులో బెంగళూరుకు తిరిగివచ్చిన రాయలసీమ వాసులకు ఆ 22 రోజులు ఎలా గడిచాయో వేరుగా చెప్పనక్కరలేదు. పగలు ఇక్కడి పని, రాత్రి చేతిలో ఫోను. తల్లిదండ్రులు ఊళ్లో, పిల్లలు ఇక్కడ. ఏ వీధిలో ఏమి జరుగుతోందో తెలియదు. తెలిసినా చేయగలిగింది లేదు.

ఇటువంటి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, గుండె దడదడలాడటం, అన్నం సహించకపోవడం, చిన్న మాటకే కసురుకోవడం చాలామందికి అనుభవమే. దీనిని కొందరు పిరికితనమనుకొని దాచుకుంటారు. మరికొందరు రాజకీయాల పిచ్చి అని ఎగతాళి చేస్తారు. రెండూ సరి కావు. సొంత ఊరి మంచిచెడ్డలు పట్టించుకోవడం పౌరుని లక్షణం. అయితే ఆ పట్టింపు ఏ దశలో ఆరోగ్యాన్ని తినివేయడం మొదలుపెడుతుందో గుర్తించగలగాలి.

ఆపద ఎదురైనప్పుడు శరీరం రెండు పనులకు సిద్ధమవుతుంది: ఎదిరించడం, లేదా పారిపోవడం. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పాము కనిపించినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. పాము వెళ్లిపోగానే శరీరమూ సర్దుకుంటుంది. టీవీ తెరమీది ఆపద అలా వెళ్లిపోయేది కాదు. రాళ్లు రువ్వుకొనే అరనిమిషం దృశ్యాన్ని రోజంతా తిప్పి తిప్పి చూపుతున్నప్పుడు, అది ఒకే సంఘటన అని బుద్ధికి తెలిసినా శరీరం ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడుతుంది. ఎదిరించడానికి ఎదురుగా ఎవరూ లేరు. పారిపోవడానికి ఆ చోట ఉన్నదీ లేదు. సిద్ధపడిన శరీరం అలా సిద్ధపడే ఉండిపోతుంది.

దూరాన ఉన్నవారికి బాధ తక్కువని అనుకోవడం సహజం. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ పరుగు ముగిసే చోట బాంబులు పేలాయి. ఆ తరువాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవారిలో, పేలుళ్ల తాకిడికి నేరుగా గురైనవారికంటే కూడా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయని 2014లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. కలతపడేవారే ఎక్కువగా చూస్తారా, ఎక్కువగా చూడటంవల్లనే కలతపడతారా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఒకటి మరొకదానిని పెంచుతుందనుకోవడమే సమంజసం. ఏమైనా, సంఘటనకు దూరంగా ఉన్నంతమాత్రాన దాని వార్తకు దూరంగా ఉన్నట్టు కాదు.

వలస వచ్చినవారి పరిస్థితిలో మరొక చిక్కు ఉంది. ఊళ్లో ఉన్నవారు వీధిలోకి తొంగిచూసి, టీ అంగడిలో నలుగురిని అడిగి విన్నదానిలో నిజమెంతో తేల్చుకోగలరు. పొరుగు రాష్ట్రంలోని అద్దె ఇంట్లో ఆ వీలు లేదు. పైగా వారి నెత్తిన రెండు రాష్ట్రాల వార్తల బరువు ఉంటుంది: పుట్టిన చోట ఎవరు గెలిచారన్నది ఒకటి, బతుకుతున్న చోట భాష పేరిటనో నీటి పేరిటనో ఏదైనా వివాదం రేగితే తమ మాటేమిటన్నది మరొకటి.

ఈ రెండవ భయం ఎంత దూరం పోగలదో బెంగళూరు కళ్లారా చూసింది. 2012 జూలైలో అస్సాంలోని కోక్రాఝర్ ప్రాంతంలో హింస జరిగింది. ఆగస్టు నడిమికి, ఈశాన్య రాష్ట్రాల వారిపై దాడులు జరుగనున్నాయంటూ సెల్‌ఫోన్ సందేశాలు పుట్టుకొచ్చాయి. రెండు మూడు రోజుల్లోనే వేలాదిమంది ఉద్యోగాలు, చదువులు వదిలి రైల్వే స్టేషన్‌కు చేరారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు నడపవలసివచ్చింది. ఒక్కసారిగా అయిదుగురికి మించి సందేశం పంపకుండా కేంద్రం దేశమంతటా 15 రోజుల ఆంక్ష విధించింది. పుకార్లు హెచ్చరించిన సామూహిక దాడులు నగరంలో జరగలేదు. పరుగెత్తినవారిని అమాయకులనడం తేలిక. పరాయి చోట, నిజానిజాలు చెప్పే తోడు లేనప్పుడు ఎవరైనా అంతే చేస్తారు.

కాబట్టి ఊరి నుంచి కలతపెట్టే వార్త వచ్చినప్పుడు ముందుగా చేయవలసింది ఆ ఊళ్లోని ఒక మనిషికి ఫోన్ చేయడం. అమ్మకో, పక్కింటి పెద్దాయనకో చేసిన అయిదు నిమిషాల ఫోను, అయిదు గంటల చానల్ చర్చకంటే ఎక్కువ చెబుతుంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియని వీడియోను మరొకరికి పంపకుండా ఆపడం రెండవ పని. పాత దృశ్యాలు, వేరే రాష్ట్రపు దృశ్యాలు కొత్త పేరుతో తిరగడం ప్రతి ఎన్నికలోనూ జరుగుతున్నదే.

వార్తలు పూర్తిగా మానుకోమని చెప్పడం సలహా అనిపించుకోదు. ఎవరూ మానలేరు, మానవలసిన పనీ లేదు. 2020 మార్చిలో కరోనా ప్రబలిన వేళ ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన ఇక్కడా పనికివస్తుంది: కలవరపెట్టే వార్తలను తగ్గించి, రోజులో ఒకటి రెండు నిర్ణీత సమయాల్లో మాత్రమే నమ్మదగిన చోట సమాచారం చూడడం. పూర్వం ఈ హద్దు దానంతటదే ఉండేది. ఉదయం దినపత్రిక చివరి పుటతో ముగిసేది. రేడియో వార్తలు పది పదిహేను నిమిషాల్లో పూర్తయ్యేవి. ఫోను తెరకు అటువంటి చివరి పుట లేదు. ఎంత జరిపినా కింద ఇంకొకటి వస్తుంది. ముగింపు ఎక్కడన్నది చూసేవారే నిర్ణయించుకోవలసివస్తున్నది. ఉదయం కాఫీ తరువాత ఇరవై నిమిషాలు, సాయంత్రం మరో ఇరవై నిమిషాలు అని పెట్టుకొని, వార్తా సంస్థల నోటిఫికేషన్లను ఆపివేస్తే సగం భారం తగ్గుతుంది. పడుకొనే గంట ముందునుంచి ఫోను మంచానికి దూరంగా, వీలైతే మరో గదిలో ఉండడం మేలు. అలారం కోసం ఫోను అవసరమనేవారు రెండు మూడు వందల రూపాయలతో గడియారం కొనుక్కోవచ్చు.

ఇంటి పెద్దల విషయం వేరుగా ఆలోచించాలి. ఊళ్లో ఇల్లు తాళం పెట్టి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన తల్లిదండ్రులకు, అపార్ట్‌మెంటులో పగలంతా తెలుగు మాట వినిపించేది టీవీలో మాత్రమే. పక్కింటివారి భాష రాదు; కింది పార్కులో పలకరించేవారుండరు. వారు వార్తా చానల్‌ను చూస్తున్నారనేకంటే దానితో కాలక్షేపం చేస్తున్నారనడం సరి. రక్తపోటు పెరుగుతోందని రిమోట్ లాక్కుంటే వారికున్న ఒక్క తోడునూ లాక్కున్నట్టవుతుంది. చర్చల గొడవ బదులు వినడానికి పాత సినిమా పాటలో హరికథో పెట్టి ఇవ్వడం, సాయంత్రం కలిసి నడవడం, దగ్గరలోని తెలుగు సంఘానికో గుడికో తీసుకెళ్లి ఈడువారిని పరిచయం చేయడం వంటి ప్రత్యామ్నాయం చూపాకే టీవీ తగ్గించమనాలి. అదే గదిలో చదువుకొనే పిల్లల చెవిన ఆ అరుపులు పడుతున్నాయన్నది కూడా మరువరాదు. వారు అడగరు, కానీ వింటారు.

కుటుంబ వాట్సాప్ బృందాల్లో బావగారు ఒక పార్టీ, మేనమామ మరొక పార్టీ కావడం తెలుగు ఇళ్లలో అబ్బురమేమీ కాదు. ఎన్నికల ముందు అక్కడ జరిగే వాదనలో ఎవరూ ఎవరినీ మార్చినట్టు కనబడదు. పెళ్లి పిలుపులు మాత్రం తగ్గుతాయి. కొన్ని వారాలు ఆ బృందపు శబ్దాన్ని ఆపి ఉంచినంతలో బంధుత్వం తెగదు.

చేతికందే పని ఒకటి చేయడంవల్ల నిస్సహాయత తగ్గుతుంది. ఇల్లు మారినవారు ఫారం 8 నింపి ఓటు చిరునామా మార్చుకోవచ్చు. తొలిసారి నమోదుకు ఫారం 6. ఒక వ్యక్తి పేరు ఒక్క చోటి జాబితాలోనే ఉండాలి గనుక, ఊళ్లోనా ఇక్కడా అన్నది ఆలోచించి తేల్చుకోవాలి. వీధి దీపం, మురుగు కాలువ, చెత్త బండి గురించి వార్డు కార్యాలయంలో ఇచ్చే అర్జీ కూడా రాజకీయమే. దాని ఫలితం కంటికి కనబడుతుంది.

మామూలు కలతకూ చికిత్స అవసరమైన స్థితికీ తేడా ఏమిటి? ఆందోళనలో మనసు రాబోయే కీడుచుట్టూ తిరుగుతుంది. కుంగుబాటులో ఇక రావలసిన మంచి ఏదీ లేదనిపిస్తుంది. మనసు దిగులుగా ఉండడం, లేదా ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి చావడం దాదాపు ప్రతిరోజూ, రోజులో చాలాసేపు, రెండు వారాలపాటు సాగితే వైద్యుని కలవాలి. దానికి తోడు నిద్ర, ఆకలి తప్పడం, విపరీతమైన అలసట, ఏకాగ్రత కుదరకపోవడం, తానెందుకూ పనికిరాననే భావన ఉంటే ఆలస్యం చేయరాదు. మన వాళ్లలో చాలామంది మనసు బాగాలేదని చెప్పరు. తలపోటనో, ఒళ్లు నొప్పులనో, గ్యాస్ అనో చెబుతారు. పరీక్షలన్నీ సరిగానే ఉన్నా బాధ తగ్గనప్పుడు ఈ కోణంలోనూ చూడాలి. రాత్రిళ్లు నిద్ర కోసం మద్యం తీసుకోవడం కుంగుబాటును పెంచుతుందే గాని తగ్గించదు.

ఈ విషయంలో తెలుగువారికి చేదు అనుభవం ఉంది. 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి మరణించినప్పుడు, ఆ వార్త తట్టుకోలేక పలువురు చనిపోయినట్టు పత్రికలు రాశాయి. అదే ఏడాది డిసెంబర్ 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియను ఆరంభిస్తామని కేంద్రం ప్రకటించింది; 23న విస్తృత సంప్రదింపులు అవసరమని మరో ప్రకటన చేసింది. రెండు వారాల్లో ఆశ, అంతలోనే నిరాశ. ఆ ఉద్యమకాలంలో ఎందరో యువకులు తమ ప్రాణాలు తాము తీసుకున్నారు. ఎందరన్న లెక్కపై భిన్నాభిప్రాయాలున్నాయి. వారిని స్మరించుకోవడం ఒకటి, ఆ దారిని ఘనమైనదిగా చూపడం వేరొకటి. ఆ పిల్లల్లో ఎందరిని చివరి రోజుల్లో ఎవరైనా కూర్చోబెట్టుకొని, మనసులో ఏముందని అడిగారన్నదే మిగిలిన ప్రశ్న. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన లేనివారికి పుడుతుందన్న భయం నిరాధారం. అడిగితే చాలామంది ఊరట పొందుతారు. అటువంటి మాట వినిపించినప్పుడు ఆ వ్యక్తిని ఒంటరిగా విడువరాదు. వెంటనే 112కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

మాట్లాడేందుకు తోడు కావాలంటే 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ సేవ నంబరు ఇది. రాత్రింబవళ్లు ఉచితం. దాదాపు 20 భారతీయ భాషల్లో నడిచే ఈ సేవలో తెలుగు ఉంది. ఫోన్ కలిసిన తరువాత భాషను ఎంచుకోవచ్చు. వచ్చీరాని కన్నడంలోనో ఇంగ్లీషులోనో బాధను వివరించనక్కరలేదు. ఈ సేవకు కేంద్ర స్థానమైన నిమ్హాన్స్ బెంగళూరులోనే, హొసూరు రోడ్డులో ఉంది. అక్కడి అత్యవసర విభాగం 24 గంటలూ పనిచేస్తుంది. రాయలసీమ జిల్లాల నుంచి దశాబ్దాలుగా రోగులు వస్తున్న ఆసుపత్రి అది. తెలుగు మాట అక్కడ కొత్త కాదు. ఫోను వదలలేని అలవాటుకు సహాయపడే ప్రత్యేక క్లినిక్ కూడా 2014 నుంచి నిమ్హాన్స్‌లో నడుస్తున్నది.

మందులు రాసినా రాయకున్నా, మాటలతో చేసే చికిత్స చాలామందికి మేలు చేస్తుంది. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనబడలేదనో, కనబడిందనో సొంతంగా ఆపివేయడం ప్రమాదకరం. ఉద్యోగం పోతుందేమోనని భయపడేవారు తెలుసుకోదగిన విషయం ఒకటుంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కు రోగికి ఇచ్చింది, శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని నిర్దేశించింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడికి లోనైనవానిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పించాలన్నదీ ఆ చట్టంలోనిదే.

14416కు బాధపడుతున్న వ్యక్తే ఫోన్ చేయాలన్న నియమం లేదు. ఇంట్లో నాన్నగారు నాలుగు రోజులుగా సరిగా భోంచేయడం లేదు, రాత్రంతా టీవీ ముందే కూర్చుంటున్నారు అని చెప్పి కొడుకో కోడలో సలహా అడగవచ్చు. ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ఇప్పటికే వాడుతున్న మందులేమిటి అన్న వివరాలు దగ్గర ఉంచుకుంటే ఎక్కువ ఉపయోగం.