గ్రేడింగ్ పాఠం

మా హైస్కూల్లో కంప్యూటర్ గది తాళంచెవి నా దగ్గరే ఉండేది. లెక్కల మేస్టార్ని కదా, ఆ మిషన్లూ నావే అనుకున్నారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదువేల ప్రభుత్వ హైస్కూళ్లకు ఒక్కసారిగా కంప్యూటర్లొచ్చాయి. ఐదేళ్లు నడిపే బాధ్యత ప్రైవేటు కంపెనీలది. 2013లో గడువు తీరింది, పాఠం చెప్పే కుర్రాడు బస్సెక్కేశాడు. గదిలో మిషన్లు, వాటి మీద దుమ్ము మిగిలాయి.

అప్పుడు దొరికింది 'సీఎస్ అన్‌ప్లగ్డ్'. కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పడానికి న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ అనే ప్రొఫెసరూ ఆయన మిత్రులూ 1990ల్లో కట్టిన ఆటలవి. కరెంటు అక్కర్లేదు. మాకు అంతకంటే ఏం కావాలి?

ఓ రోజు ఇరవై మంది పిల్లల్ని వేపచెట్టు కింద వరసగా నిలబెట్టాను. పక్కపక్కనున్న ఇద్దరూ ఎత్తు చూసుకోవాలి, పొడుగువాడు కుడివైపు జరగాలి. వరస సర్దుకునేదాకా అదే పని. దీన్నే బబుల్ సార్ట్ అంటారు. ఇరవై మందికి మహా అయితే 190 పోలికలు. ఎండలో పిల్లలు విసిగిపోయారు. తొమ్మిదో తరగతి గుంట ఒకతి నడుం మీద చెయ్యేసుకుని అంది:

"మాయమ్మ ఇలా సెయ్యదండి మేస్టారూ. ముందర నాలుగు గంపలెట్టుకుంటాది. పప్పు సూడగానే దేన్లోది దాన్లో ఏసేత్తాది."

వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు గ్రేడింగుకి వెళ్తుంది. 180, 210, 240, 320 అని గ్రేడులు. ఒక పౌండుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. నేను బోర్డు మీద లెక్క వేశాను. 320 పప్పుల్ని నా పద్ధతిలో సర్దితే 51,040 దాకా పోలికలు. ఆవిడకి 320 చూపులు చాలు. నిజమే, ఒకే గంపలోని పప్పులు వాటిలో అవి వరసలో ఉండవు. కానీ వ్యాపారికి ఆ వరసతో పనేముంది? ఎంతవరకు సర్దితే పని జరుగుతుందో చూసుకోవడం నేను ఆ పూటే నేర్చుకున్నాను, నా విద్యార్థిని దగ్గర. ఈ పద్ధతికి బకెట్ సార్ట్ అని పేరుందని చెబితే ఆ గుంట నవ్వింది: "గంప అంటే పోయేది కదండీ."

అయితే సుద్దముక్కతో అన్నీ గట్టెక్కవు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పదో తరగతి మార్కుల మీద సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు కాస్త అదనపు మార్కులూ కలుస్తాయి. అలా మా పిల్లలు గేటు దాటుతారు. దాటాక, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ల పక్కన కూర్చోవాలి కదా.

అందుకే రెండు పాత మిషన్ల విడిభాగాలు కలిపి ఒకటి నడిపించాం. గంపల ప్రోగ్రాం కొట్టడానికి ఆ గుంటనే ముందు కూర్చోబెట్టాను. ఒక్క వేలు గాల్లో పెట్టి చాలాసేపు కీబోర్డు వెతికింది.

"ఎ పక్కన బి లేదేటండీ మేస్టారూ? దీన్నెవులూ గ్రేడింగ్ సెయ్యలేదేటి?"