ఐదు దేశాలు.. ఒకే ప్రహరీ

హద్దు గోడ దగ్గర పొరుగువారితో పేచీ రాని ఇల్లు అరుదు. హోసూరు, బరంపురం, సిరోంచల్లో తరాలుగా వేరే భాషవారి పక్కన బతుకుతున్న మనవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. అలాంటిది ఐదు దేశాలు కూడబలుక్కుని పరాయి గడ్డపై ఒకే ఆవరణలో రాయబార కార్యాలయాలు కట్టుకున్నాయి. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్. చోటు జర్మనీ రాజధాని బెర్లిన్. ప్రారంభం 1999 అక్టోబరులో.

రెండు జర్మనీలు ఒకటయ్యాక ప్రభుత్వాన్ని బాన్ నుంచి బెర్లిన్‌కు మార్చాలని 1991లో అక్కడి పార్లమెంటు తీర్మానించింది. దాంతో రాయబారులూ కొత్త స్థలాలు చూసుకోక తప్పలేదు. ఎవరికి వారు కడితే ఐదు సభా మందిరాలు, ఐదు భోజనశాలలు, ఐదు కాపలా గేట్లు. ఎప్పుడో ఒకసారి మీటింగు జరిగే హాలుకు చలికాలమంతా వెచ్చదనం ఎక్కించాలి. అప్పటికి 3 లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కు అది తలకు మించిన భారమే. పర్యావరణానికి మేలు చేసే కట్టడమనగానే సోలార్ పలకలే గుర్తొస్తాయి గానీ, అక్కర్లేని గది కట్టకపోవడం అంతకంటే పెద్ద ఆదా.

అసలు చిక్కు పెత్తనం ఎవరిదన్న దగ్గర. 1995లో ఉమ్మడి పోటీ పెట్టారు. వియన్నాలో పనిచేసే ఆల్‌ఫ్రెడ్ బెర్గర్, టీనా పార్కినెన్‌ల ప్లాను గెలిచింది. ఆ ప్లాను ప్రహరీ గీసింది, ఎవరి చోటు ఎక్కడో చెప్పింది. ఉమ్మడి భవనం వారిద్దరే చేశారు. మిగతా ఐదింటికీ ఏ దేశం తన ఆర్కిటెక్టును అది ఎంచుకుంది. పటంలో ఏ దేశం ఎటువైపు ఉందో ఆవరణలో దాని భవనమూ అటే. మధ్య ఉన్న సముద్రాలకు గుర్తుగా నీటి కొలనులు.

ప్రహరీ రాగిది. పొడవు 226 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు, దాదాపు 4 వేల పలకలు. మన ఇళ్లలో చింతపండు పెట్టి తోమి వదిలించే చిలుమునే వాళ్లు కోరి ముందుగా పట్టించి తెచ్చారు. ఆ పచ్చటి పొరే లోపలి రాగిని కాపాడుతుంది, రంగులు వేసే పని లేదు. వెనకున్న గదికి ఎంత వెలుతురు కావాలో చూసి పలకలను ఒకచోట మూసి, మరోచోట తెరచి అమర్చారు. ఫిన్లాండ్ వాళ్లు గోడంతా లార్చ్ చెక్క పట్టీలు వేశారు. కిటికీల దగ్గర అవి తలుపుల్లా తెరుచుకుంటాయి, ఎండను బయటే ఆపేయొచ్చు.

అన్నీ పొదుపు ముచ్చట్లే కావు. నార్వే తన భవనం ముందు నిలబెట్టడానికి స్వదేశం నుంచి 120 టన్నుల గ్రానైట్ బండను ఒకే ముక్కగా తెప్పించింది. ఆదా లెక్కలు చూసేవారికి ఇది మింగుడుపడదు. ఆ మాటకొస్తే రాయి మోయించడంలో మనమూ తక్కువ తినలేదు. అదే టీర్‌గార్టెన్ పేటలో ఉన్న భారత రాయబార కార్యాలయానికి రాజస్థాన్ ఎర్ర ఇసుకరాయే తొడుగు.

సందర్శకులు లోనికి వెళ్లేది ఉమ్మడి భవనం గుండానే. భోజనశాల, సభా మందిరం, ప్రదర్శనశాల అన్నీ అందులోనే. బెర్లిన్ జనం బొమ్మల ప్రదర్శనలకు, కచేరీలకు అక్కడికే వస్తారు. లోపల భాషలు మాత్రం ఐదు. నాలుగు ఒకే కుటుంబానివి. ఫిన్నిష్‌కు వాటితో చుట్టరికం లేదు, ఒడియాకూ తెలుగుకూ లేనట్టే. ఆ భవనానికి పెట్టిన పేరు ఫెలెస్‌హుస్, అంటే ఉమ్మడి ఇల్లు. మాట నార్వే వాళ్లది.