సెలవుల్లో కుక్కతో బయటికి వెళ్తున్నారా? డాక్టర్ దగ్గరికి చేరేలోపు చేయాల్సినవి



వేసవి సెలవులు రాగానే చాలా కుటుంబాలు అమ్మమ్మగారి ఊరికో, మామిడి తోటకో, అనంతగిరికో, అరకుకో బయల్దేరతాయి. ఇంట్లో కుక్క ఉంటే పిల్లలు దాన్ని వదిలి రానంటారు. నగరంలో పెట్ క్లినిక్ దగ్గర్లోనే ఉంటుంది. పొలం గట్టు మీద, కొండ దారిలో ఆ సౌకర్యం ఉండదు. అక్కడ ఏదైనా జరిగితే మొదటి పావుగంటలో మీరు చేసే పని మీదే దాని ప్రాణం ఆధారపడవచ్చు. పైగా ఆ కంగారులో కుక్క దగ్గరికి ముందుగా పరుగెత్తేది పిల్లలే.

ముందు పిల్లల భద్రత

నొప్పితో ఉన్న కుక్క రోజూ అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. అది భయంతో చేసే పని. కాబట్టి బయల్దేరే ముందే పిల్లలకు ఒక మాట చెప్పండి: "కుక్కకు దెబ్బ తగిలితే దాన్ని హత్తుకోకూడదు, దాని మొహం దగ్గర మొహం పెట్టకూడదు, వెంటనే మమ్మల్ని పిలవాలి."

మీరు పక్క నుంచి, మెల్లగా మాట్లాడుతూ దగ్గరికి వెళ్లండి. అవసరమైతే చున్నీతో దాని మూతి చుట్టూ ఒక చుట్టు వేసి, దవడ కింద మెలిపెట్టి, చెవుల వెనక ముడి వేయండి. అయితే కుక్క రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా, ఊపిరి అందక ఇబ్బంది పడుతున్నా, స్పృహలో లేకపోయినా మూతి కట్టకూడదు.

వడదెబ్బ

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అది ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అందుకే పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకు, లావుగా ఉన్నవాటికి, ముసలివాటికి ప్రమాదం ఎక్కువ.

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతులు, కూలబడిపోవడం దీని గుర్తులు. కుక్క మామూలు ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదమే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ముందు చల్లబరచాలి, తర్వాత ప్రయాణం. వెంటనే నీడలోకి తీసుకెళ్లి, దొరికిన నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట మీద, తొడల మధ్య పోస్తూ ఉండండి. బోరు నీళ్లయినా, కుళాయి నీళ్లయినా సరే, ఐసు కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. పక్కన ఒకరు అట్టముక్కతో విసరాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడిని లోపల పట్టి ఉంచుతుంది. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వండి, నోట్లో మాత్రం పోయకండి. థర్మామీటర్ ఉంటే 103కి దిగగానే నీళ్లు పోయడం ఆపండి.

లేచి తిరిగినా సరే డాక్టర్‌కు చూపించాల్సిందే. కిడ్నీలు దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు.

నీడలోనే ఆపాం కదా అని కారులో వదిలి వెళ్లకండి. ఎండలో మూసి ఉన్న కారు లోపల వేడి పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగాన్ని ఏడు సెకన్లు ఉంచలేకపోతే, దాని పాదాలూ ఆ రోడ్డు మీద కాలతాయి.

పాము కాటు

కుక్క వాసన చూస్తూ వెళ్తుంది కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీద, ముందు కాళ్ల మీద పడుతుంది. కాటు చోట కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. వాపు వస్తే బిగుసుకుంటుంది కాబట్టి మెడ పట్టీ తీసేయండి. దాన్ని నడిపించకుండా ఎత్తుకుని వాహనంలో పెట్టండి. పామును చంపడానికో, పట్టడానికో వెళ్లొద్దు.

మన దేశంలో దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. పశువైద్యులు కుక్కలకూ అదే వాడతారు. అయితే అన్ని క్లినిక్‌లలోనూ నిల్వ ఉండదు. దారిలోనే ఫోన్ చేసి, ఉందని నిర్ధారించుకున్న చోటికే వెళ్లండి.

రక్తం కారితే

శుభ్రమైన గుడ్డను గాయం మీద గట్టిగా అదిమి ఐదు నిమిషాలు వదలకండి. మధ్యలో తీసి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ కారుతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి పెట్టండి. లోతుగా గుచ్చుకున్న పుల్లనో, ఇనుప ముక్కనో లాగకండి. చిగుళ్లు పాలిపోయి తెల్లగా ఉంటే పరిస్థితి తీవ్రంగా ఉందని అర్థం, ఆలస్యం చేయొద్దు.

నొప్పి తగ్గుతుందని మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఇవ్వకండి. అవి కుక్కలకు విషమవుతాయి.

బిడ్డను కరిస్తే, గీరితే

పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఊరుకోకండి. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం రాయొద్దు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తి చేయించండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికే అవకాశం దాదాపు ఉండదు. అంతకుముందు టీకాతో ప్రాణం కాపాడవచ్చు.

బయల్దేరే ముందు సంచిలో

• గాజు గుడ్డ, కట్టు బట్ట, చిన్న కత్తెర, డిజిటల్ థర్మామీటర్
• పాత చున్నీ, కుక్కను ఎత్తడానికి దళసరి దుప్పటి
• కుక్క కోసం విడిగా ఐదు లీటర్ల నీళ్లు, గిన్నె
• టీకాల కార్డు ఫోటో, వెళ్లే ఊరికి దగ్గర్లోని పశువైద్యుడి నంబరు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1962 సంచార పశువైద్య సేవల నంబరు. అవి ప్రధానంగా పాడి పశువుల కోసం ఏర్పాటైనవే అయినా, పల్లెలో దగ్గరి పశువుల ఆస్పత్రి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఉపయోగపడవచ్చు.

ఈ సంచి సర్దే పని మీ పిల్లలకే అప్పగించండి. ఒక్కో వస్తువు ఎందుకో అడిగి చెప్పించండి. అవసరం వచ్చినప్పుడు ఏడుస్తూ నిలబడకుండా నీళ్ల సీసా అందించేది, డాక్టర్‌కు ఫోన్ కలిపేది వాళ్లే కావచ్చు.